ఆ సన్నటి ధార కట్టేయకండి: చలిదేశాల ఇళ్ళు, పగిలే పైపులు

(తిరుపతి ఎం.ఆర్.పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో నవంబర్ నెల ఆదివారం సాయంత్రం మాట్లాడినది. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పొద్దున్నుంచి ముసురు పట్టి ఉంది, ఈ వానలో కూడా ఇంతమంది వచ్చారంటే చాలా సంతోషం. అమెరికా, కెనడాల్లో చలి ముదరకముందే ఈ నాలుగు మాటలు మీ చెవిన వేయాలని వారం రోజులుగా నాకు ఒకటే ఆరాటం.

మన అసోసియేషన్ సెక్రటరీ గారు మొన్న నన్ను అడిగారు, "అన్నా, తిరుపతిలో పైపుల్లో నీళ్ళు గడ్డకట్టేదేంది, మే నెలలో మిద్దె మీద కొళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది కదా" అని. నిజమే, మన దగ్గర పైపు పగిలితే ఎండకు పెళుసెక్కి పగులుతుంది, చలికి కాదు. కానీ పిల్లలు అమెరికాలోనో కెనడాలోనో ఉన్నవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. చూడండి, సగానికి పైనే. మీలో చాలామంది కాన్పుకనో, మనవళ్ళను చూసుకోవడానికనో వెళ్ళి ఆరేసి నెలలు ఉండి వస్తారు. పగలంతా పిల్లలు ఆఫీసులకు పోతే ఆ ఇంట్లో ఉండేది మీరే. ఇంకో సంగతి, మన పిల్లలు ఊరికి ఎప్పుడొస్తారు? డిసెంబర్ సెలవులకు బయల్దేరి సంక్రాంతి చేసుకుని పోతారు. అంటే అక్కడ చలి బాగా ముదిరిన రోజుల్లోనే ఇల్లు తాళం వేసి ఉంటుంది.

నేను పదకొండేళ్ళు టెక్సాస్‌లో, డల్లాస్ పక్కన ఉన్నాను. అక్కడ ఎండలు మన చిత్తూరు ఎండలకు ఏమాత్రం తీసిపోవు, అందుకే అక్కడి ఇళ్ళు చలిని దృష్టిలో పెట్టుకుని కట్టినవి కావు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన చలి గురించి మీలో కొందరు టీవీలో చూసే ఉంటారు. ఫిబ్రవరి 16న డల్లాస్ విమానాశ్రయం దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో దాదాపు మైనస్ 19 డిగ్రీలు. 1949 తర్వాత ఆ ఊళ్ళో అంత చలి అదే. రాష్ట్రం మొత్తం మీద సుమారు 45 లక్షల కనెక్షన్లకు కరెంటు పోయింది. మా ఇంట్లో హీటర్ గ్యాసుతో మండేదే, అయినా ఆ వేడిగాలిని గదుల్లోకి తోసే ఫ్యాన్ కరెంటుతో తిరిగేది కాబట్టి కరెంటు పోగానే వేడి కూడా పోయినట్టే అయింది.

అప్పుడు మా అమ్మ మాతోనే ఉంది. చలి గట్టిగా వస్తుందని వార్తల్లో చెప్తే, ఆ రాత్రి నేను వంటింటి కొళాయి సన్నగా వదిలేసి పడుకున్నాను, పెన్సిల్ ములికి అంత ధార. అమ్మకు మాత్రం ఎందుకో చెప్పలేదు. అర్ధరాత్రి నీళ్ళు తాగడానికి లేచిన అమ్మ ఆ ధార చూసి గట్టిగా కట్టేసి వెళ్ళి పడుకుంది. ఎందుకు కట్టదు? మన ఊరికి నీళ్ళిచ్చే కల్యాణి డ్యాం ఎండిపోయిన ఏళ్ళలో కొర్లగుంటలో ట్యాంకర్ వెనక బిందెలు పట్టుకుని పరిగెత్తిన మనిషి, ఇంట్లో ఒక చుక్క నీళ్ళు కారుతుంటే నిద్రపోగలదా? మన ఊళ్ళో పెరిగిన ఏ తల్లయినా అదే పని చేస్తుంది. తప్పు అమ్మది కాదు, చెప్పని నాది. ఇవాళ ఇక్కడ నిలబడి ఇదంతా మాట్లాడుతున్నది కూడా ఆ ఒక్క మాట కోసమే.

మూడో రోజుకు కరెంటు వచ్చింది. ఇల్లు మెల్లగా వెచ్చబడింది, అమ్మ టీ పెట్టింది, గండం గడిచిందనుకున్నాం. నేను తాగే నీళ్ళ క్యాన్ల కోసం షాపుకు వెళ్ళాను. అరగంట కాకముందే అమ్మ ఫోన్ చేసింది: "నాయనా, ఇంట్లో వాన పడతా ఉంది, తొందరగా రా."

నేను వచ్చేసరికి హాలు పైకప్పు మధ్యలో పాల ప్యాకెట్ ఉబ్బినట్టు ఉబ్బి ఉంది. అక్కడి పైకప్పు మన స్లాబు కాదండీ, సున్నపు పలక లాంటిది, షీట్‌రాక్ అంటారు, తడిస్తే అట్టముక్కలా మెత్తబడుతుంది. లైటు తగిలించిన చోటి నుంచి నీళ్ళు తాడులా కారుతున్నాయి. చూస్తుండగానే ఆ ఉబ్బు చినిగి, పలకతో పాటు వేడి బయటికి పోకుండా పైన పరిచిన పింక్ రంగు దూది అంతా తడి ముద్దలా సోఫా మీద పడింది. అమ్మ ఇడ్లీ పాత్ర, కుక్కర్, స్నానాల బక్కెట్లు వరసగా పెట్టి, వెంకటేశ్వరస్వామి పటాన్ని మాత్రం చీర కొంగులో చుట్టి మెట్ల మీద పెట్టింది. నేను వాల్వ్ కట్టేద్దామని పరిగెత్తాను. మా ఇంటి మెయిన్ వాల్వ్ రోడ్డు పక్కన నేలలో ఒక డబ్బాలో ఉంటుంది, దాని మూత మంచుకు అతుక్కుపోయింది, లోపల వాల్వ్ తిప్పడానికి పొడుగాటి ఇనుప తాళంచెవి లాంటిది కావాలి, అది మా ఇంట్లో లేదు. చివరికి ఎదురింటాయన తన దగ్గరున్నది తెచ్చి కట్టేశాడు. మొత్తం యాభై నిమిషాలు. ఆ యాభై నిమిషాలకు మాకు రెండు గదుల పైకప్పు, కింద కార్పెట్, చెక్క నేల అంతా పోయింది, ఇల్లు మళ్ళీ మామూలు కావడానికి నాలుగు నెలలు పట్టింది.

ఇప్పుడు ఈ ముక్క చూడండి. ఇది ఆ రోజు మా పైకప్పులోంచి కోసి తీసిన రాగి పైపు, నేను దాచుకున్నాను. ఒకరి చేతి నుంచి ఒకరికి ఇచ్చుకోండి. పచ్చి చెనిక్కాయను బొటనవేలితో నొక్కితే నోరు తెరుస్తుంది కదా, సరిగ్గా అట్లా తెరుచుకుని ఉంటుంది చూడండి. పగులు రెండు వేళ్ళ పొడవు కూడా లేదు. దీన్ని సుత్తితో కొట్టినా ఇట్లా చీలదు.

ఎట్లా చీలింది మరి? నీళ్ళు మంచు అయితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి, ఇది అందరికీ తెలిసిందే, గాజు సీసా నిండా నీళ్ళు పోసి ఫ్రీజర్లో పెడితే పగులుతుంది. అయితే పైపు విషయంలో చాలామంది అనుకునేది వేరు, జరిగేది వేరు. మంచు కట్టిన చోటే పైపు పగులుతుందని అనుకుంటాం. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ఇళ్ళ నిర్మాణం మీద పనిచేసేవాళ్ళు దీన్ని పరీక్షలు చేసి చూశారు. మంచు పైపులో ఒక బిరడా లాగా పట్టేస్తుంది, అది పెరిగేకొద్దీ ముందున్న నీళ్ళను కొళాయి వైపు నెడుతుంది, కొళాయి కట్టేసి ఉంటుంది, మధ్యలో చిక్కిన నీళ్ళకు పోవడానికి దారి ఉండదు. నీళ్ళను నొక్కితే నలగవు కదా, అందుకని ఒత్తిడి పెరిగి పెరిగి పైపు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుతుంది. కొన్నిసార్లు మంచే లేని చోట చీలుతుంది. అందుకే ఆ సన్నటి ధార. ధార పారితే నీళ్ళు కదులుతుంటాయి కాబట్టి గడ్డకట్టడం ఆలస్యం అవుతుంది, అది ఒక లాభం. దానికంటే పెద్ద లాభం, ఒకవేళ లోపల గడ్డకట్టినా ఆ ఒత్తిడికి బయటికి దారి ఉంటుంది. అమ్మ కట్టేసింది ఆ దారినే.

రెండో సంగతి, పగిలిన వెంటనే నీళ్ళు రావు. మంచు బిరడా ఉన్నంతసేపూ కారదు. ఎండ వచ్చి, హీటర్ వచ్చి, మంచు కరిగాక అప్పుడు మొదలవుతుంది. చలి పోయింది కదా అని మనం ఊపిరి పీల్చుకునే గంటే అసలు జాగ్రత్తగా ఉండాల్సిన గంట. ఆ గంటలో ఇల్లు వదిలి పోకూడదు, పోయినా వాల్వ్ కట్టి పోవాలి.

ఇంకొకటి మన తిరుపతి వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. ఇక్కడ మన ఇంట్లో పైపు పగిలితే ఏమవుతుంది? మిద్దె మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఉంటుంది, అది ఖాళీ అయితే కారడం ఆగుతుంది, మళ్ళీ మోటారు వేసేదాకా భయం లేదు. అక్కడ ఊళ్ళలో చాలా ఇళ్ళకు ఇట్లాంటి ట్యాంకు, సంపు, మోటారు ఏవీ ఉండవు. ఊరి లైను నేరుగా ఇంట్లోకి వస్తుంది, ఇరవై నాలుగు గంటలూ ఒత్తిడితో ఉంటుంది. పగిలిందంటే ఎవరో ఒకరు చేత్తో కట్టేదాకా పారుతూనే ఉంటుంది, ఒక రోజైనా పది రోజులైనా. బక్కెట్లు పెట్టడం, గుడ్డలతో ఒత్తడం అన్నీ ఆ తర్వాత, మొదట వాల్వ్.

అందుకే మీరు అక్కడికి వెళ్ళిన మొదటి వారంలోనే, జెట్‌లాగ్ తీరగానే, మీ అబ్బాయినో అల్లుడినో అడిగి మెయిన్ వాల్వ్ దగ్గరికి తీసుకెళ్ళమనండి. చూపిస్తే చాలదు, మీ చేత్తో ఒకసారి కట్టి, తెరిచి చూడండి. చలిరాష్ట్రాల్లో అయితే అది ఎక్కువగా బేస్‌మెంట్‌లో ఉంటుంది, ఊరి పైపు ఇంట్లోకి వచ్చే గోడ దగ్గర. టెక్సాస్ లాంటి చోట్ల గ్యారేజీలోనో, నేలలో మీటర్ డబ్బా దగ్గరో ఉంటుంది. తిప్పడానికి పనిముట్టు కావాలంటే అది వాల్వ్ పక్కనే వేలాడదీసి ఉండాలి. ఒక కాగితం మీద తెలుగులో "నీళ్ళ మెయిన్ ఇక్కడ, ఇటు తిప్పితే ఆగుతుంది" అని రాసి బాణం గుర్తు వేసి అంటించండి. మా ఇంట్లో ఇప్పటికీ అమ్మ చేతి రాతతో అట్లాంటి కాగితం ఉంది.

ఎప్పుడు భయపడాలి అని అడుగుతారు. నీళ్ళు గడ్డకట్టేది 32 ఫారెన్‌హీట్ దగ్గర, అంటే మన సున్నా. కానీ ఇంట్లో పైపులకు బయట 20 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 7 దాకా దిగితే ప్రమాదం అని ఆ ఇలినాయ్ పరీక్షల్లో తేల్చారు. పైపులు బయటి గోడల్లో, కప్పు కింది అటిక్‌లో వేసే దక్షిణాది రాష్ట్రాలకు ఇది ముఖ్యంగా వర్తిస్తుంది. మిన్నెసోటా లాంటి చోట్ల మైనస్ 25 కూడా మామూలే, అయినా అక్కడ ఇళ్ళు ఆ చలికి తగ్గట్టే కడతారు, ఊరి పైపులు నేలలో చాలా లోతుగా పూడుస్తారు. కాబట్టి "మావాడు టెక్సాస్‌లోనే, జార్జియాలోనే, అక్కడ చలి లేదు" అనుకునేవాళ్ళే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. గాలి కూడా చూసుకోవాలి, గోడలో పైపు దూరే చోట చిన్న సందు ఉన్నా ఆ చల్లగాలి నేరుగా పైపు మీద కొట్టి తొందరగా గడ్డకట్టిస్తుంది, ఆ సందులు ముందే పూడ్పించాలి.

ఆ రాత్రుల్లో చేయాల్సినవి పెద్ద పనులేం కావు. సింకు బయటి గోడకు ఉంటే కింద అల్మారా తలుపులు తెరిచి పెట్టండి, గదిలోని వెచ్చదనం పైపుకు తగులుతుంది. మనవళ్ళు పాకే వయసులో ఉంటే మాత్రం ఆ అల్మారాలో ఉండే డిటర్జెంట్లు, క్లీనర్లు ముందే తీసి పైన పెట్టండి. మెయిన్‌కు బాగా దూరంగా ఉన్న కొళాయిలను వేడినీళ్ళ వైపు, చన్నీళ్ళ వైపు రెండూ సన్నగా వదలండి. గ్యారేజీ తలుపు మూసే ఉంచండి. హీటర్ రాత్రి తగ్గించి పడుకునే అలవాటు ఉంటే ఆ రెండు మూడు రోజులు మానుకోమని చెప్పండి, బిల్లు కాస్త ఎక్కువ వస్తే రానీ. తోటలో నీళ్ళు పట్టే గొట్టం శీతాకాలం రాకముందే కొళాయి నుంచి తీసేయాలి. గొట్టంలో నిలిచిన నీళ్ళు గడ్డకడితే ఆ మంచు కొళాయి వెనక గోడ లోపలి పైపు దాకా పాకుతుంది. అటిక్‌లోనూ, బేస్‌మెంట్‌లోనూ బయటికి కనిపించే పైపులకు తొడిగే ఫోమ్ గొట్టాలు హార్డ్‌వేర్ షాపులో చవగ్గా దొరుకుతాయి, మీ అల్లుడు ఒక శనివారం కూర్చుంటే అయిపోయే పని. ఫోమ్ వేడిని పుట్టించదు, ఉన్న వేడిని తొందరగా పోనివ్వదు, అంతే. కాబట్టి అది వేశాం కదా అని కొళాయి కట్టేయకూడదు.

ఇక సంక్రాంతి ప్రయాణం. నాకు బాగా తెలిసిన కుటుంబం ఒకటి, చికాగో దగ్గర ఉంటారు, ఊరికొస్తూ హీటర్ పూర్తిగా ఆపేసి వచ్చారు. ఇంట్లో ఎవరూ లేరు, గ్యాసు ఎందుకు దండగ అని. మనం పెరిగిన పద్ధతే అది, ఊరికెళ్తే అన్ని స్విచ్చులూ ఆపి, గ్యాసు కట్టేసి, పూజగదిలో దీపం కొండెక్కిందా లేదా అని చూసి తాళం వేస్తాం. వాళ్ళు తిరిగి వెళ్ళి తలుపు తీస్తే పై అంతస్తు బాత్రూమ్ పైపు పగిలి ఎన్ని రోజులుగా కారుతోందో తెలీదు, గోడలన్నీ నల్లగా బూజు. బూజు పట్టడానికి ఒకటి రెండు రోజుల తడి చాలు. ఇన్సూరెన్స్ వాళ్ళు వచ్చి అడిగిన మొదటి ప్రశ్న, ఇంట్లో హీటర్ నడిచిందా అని. అక్కడ చాలా పాలసీల్లో ఈ షరతు ఉంటుంది: ఖాళీ ఇంట్లో హీటర్ నడిపి ఉండాలి, లేదంటే నీళ్ళు కట్టేసి పైపులు ఖాళీ చేసి ఉండాలి. వాళ్ళు రెండూ చేయలేదు. మీ పిల్లలు టికెట్లు బుక్ చేశామని ఫోన్ చేసిన రోజే ఈ మాట వాళ్ళ చెవిన వేయండి. హీటర్ 55 ఫారెన్‌హీట్‌కు, అంటే మన 13 డిగ్రీలకు తగ్గకుండా పెట్టి రావాలి, నేనైతే 60 పెట్టమంటాను. మెయిన్ వాల్వ్ కట్టేసి, కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా అన్ని కొళాయిలూ తెరిచి పైపుల్లో నీళ్ళు పోనిచ్చి, వాటర్ హీటర్ ఆపేసి రావాలి. మంటలార్పే స్ప్రింక్లర్లు ఉన్న ఇల్లయితే ఆ లైను జోలికి పోవద్దు, తెలిసినవాళ్ళను అడిగి చేయాలి. పక్కింటి వాళ్ళకో స్నేహితులకో ఒక తాళం చెవి ఇచ్చి రెండు మూడు రోజులకోసారి లోపలికి వెళ్ళి చూడమనాలి. సింకు కిందా, వాటర్ హీటర్ పక్కనా తడి తగిలితే ఫోన్‌కు కబురు పంపే చిన్న సెన్సర్లు కూడా ఉన్నాయి. ఖర్చు తక్కువ, నా మాట విని నలుగురు పెట్టించుకున్నారు.

అమ్మా, మీరేదో అడుగుతున్నారు, చెప్పండి.

(సభలోంచి ఒకావిడ: కొళాయి తిప్పితే నీళ్ళు రాకపోతే గడ్డకట్టిందని అర్థమా? వేడినీళ్ళు పోయొచ్చా?)

మంచి ప్రశ్న అడిగారమ్మా. గట్టి చలిలో ఒక కొళాయిలో నీళ్ళు ఆగిపోయి, మిగతా వాటిలో వస్తుంటే ఆ దారిలో గడ్డకట్టిందనే అనుకోవాలి. మొదట ఆ కొళాయి తెరిచే ఉంచండి, కరిగిన నీళ్ళు బయటికి రావాలి. మెయిన్ దగ్గర ఒకరిని నిలబెట్టండి, పైపు ఇప్పటికే పగిలి ఉంటే కరగ్గానే బయటపడుతుంది. తర్వాత జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో కొళాయి దగ్గర మొదలుపెట్టి గడ్డ ఉన్న వైపుకు మెల్లగా జరుపుకుంటూ వెళ్ళండి, గడ్డ దగ్గర మొదలుపెట్టకూడదు. డ్రయ్యర్ పట్టుకున్నప్పుడు కాళ్ళ కింద నీళ్ళు ఉండకూడదు. వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు చుట్టినా సరే. సలసల కాగే నీళ్ళు ఒక్కసారిగా పోయొద్దు. మంట మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, కొవ్వొత్తి కాదు, గ్యాసు టార్చ్ కాదు, కుంపటి అసలే కాదు. అక్కడి గోడలు చెక్కవి, లోపల నిప్పంటుకున్నా బయటికి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. కరెంటు లేదని ఇంట్లో బొగ్గులు రాజేస్తే వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

(ఒక పెద్దాయన: పగిలిపోయింది, పిల్లలు ఇంట్లో లేరు, అప్పుడు?)

వాల్వ్ కట్టండి సార్. తర్వాత ఇంట్లో కొళాయిలన్నీ తెరవండి, కట్టడం కాదు, తెరవడం, పైపుల్లో మిగిలిన నీళ్ళు సింకులోకి పోతాయి. వాటర్ హీటర్ ఆపండి. లైటులోంచి, ప్లగ్గులోంచి నీళ్ళు కారుతుంటే ఆ స్విచ్చు ముట్టుకోవద్దు, పొడి నేల మీదుగా వెళ్ళగలిగితే బ్రేకర్ దించండి, లేకపోతే బయటికొచ్చి ఫోన్ చేయండి. పైకప్పు ఉబ్బుతుంటే దాని కింద నిలబడొద్దు. కింద బక్కెట్ పెట్టి, పక్కన నిలబడి పొడుగు కర్రతోనో స్క్రూడ్రైవర్‌తోనో చిన్న బొక్క పెడితే నీళ్ళు సన్నగా దిగిపోతాయి, లేకపోతే మొత్తం ఒక్కసారి కూలుతుంది. వయసు మళ్ళిన వాళ్ళు ఇది చేయనక్కర్లేదు, గది వదిలి వచ్చేయండి చాలు. ఏదీ తీసి పారేయకముందే ఫోన్‌తో ఫోటోలు, వీడియో తీయండి, ఇన్సూరెన్స్‌కు అవే ఆధారం.

(వెనక వరుస నుంచి: మా అమ్మాయి అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది, అక్కడా ఇదేనా?)

అద్దె అపార్ట్‌మెంట్ అయితే లోపల వాల్వ్ వాటర్ హీటర్ అల్మారాలోనో బాత్రూమ్ పక్కనో ఉండొచ్చు, కొన్నిట్లో అసలు మన చేతికి అందేలా ఉండదు. ఆఫీసులో అడిగి తెలుసుకుని, రాత్రిపూట పిలవాల్సిన మెయింటెనెన్స్ నంబర్ ఫ్రిజ్ తలుపు మీద అంటించమనండి. కొళాయిలు సన్నగా వదలమని వాళ్ళే నోటీసు పెడతారు, అది ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి మీ అమ్మాయిని చదివి మీకు చెప్పమనండి. పై ఇంట్లో పగిలితే మీ ఇల్లు తడుస్తుంది, మీ దగ్గర పగిలితే కింది వాళ్ళది. ఆ రాత్రి ధార వదిలిన కొళాయి పక్కనే ఒక గిన్నె పెట్టుకుని పట్టుకోండి, మొక్కలకో గిన్నెలు కడగడానికో పనికొస్తాయి, నీళ్ళు వృథా పోతున్నాయన్న బాధ కూడా ఉండదు. మా అమ్మ ఇప్పుడు అట్లాగే చేస్తుంది.

ఆ రాగి ముక్క చివరి వరుస దాకా వచ్చిందా? జాగ్రత్తమ్మా, చీలిన అంచు బ్లేడులా ఉంటుంది, బాబు చేతికి ఇవ్వకండి.